రహదారిపై సైకిలు: భద్రత బాధ్యత ఎవరిది? (బ్రిటన్, నెదర్లాండ్స్ అనుభవాల చారిత్రక పరిశీలన)

వ్యాససంగ్రహం:

నగర రహదారులపై సైకిలు భద్రత ప్రస్తావనకు వచ్చినప్పుడు సైకిలు తొక్కేవారు పాటించవలసిన జాగ్రత్తల చుట్టూనే చర్చ సాగుతుంది. ఈ ధోరణి ఒక నిర్దిష్ట చారిత్రక క్రమంలో ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బ్రిటన్‌లో 1878 నుంచి రెండవ ప్రపంచయుద్ధం వరకు సాగిన చట్టాలను, వివాదాలను, నెదర్లాండ్స్‌లో 1924 నాటి సైకిలు పన్ను మొదలుకొని 1970ల ప్రజాఉద్యమం వరకు జరిగిన పరిణామాలను తులనాత్మకంగా పరిశీలిస్తుంది. ప్రత్యేక సైకిలు దారులు ఉండాలా, మోటారు వాహనాలతో కలిసి సాగాలా అన్న ప్రశ్న కన్నా, ప్రమాదాన్ని తగ్గించే బాధ్యతను సమాజం ఎవరిపై మోపింది అన్న ప్రశ్నే ఫలితాలను నిర్ణయించిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. చివరి భాగంలో ఈ అనుభవాల వెలుగులో భారతీయ నగరాల స్థితి పరిశీలించబడింది.

కీలకపదాలు: సైకిలు, మోటారు వాహనం, రహదారి హక్కు, వేగపరిమితి, సైకిలు దారులు, వెస్టర్న్ అవెన్యూ, నెదర్లాండ్స్ ఉద్యమం, పట్టణ రవాణా.

1. ఉపోద్ఘాతం:

పాదచారి, ఎడ్లబండి, గుర్రపుబండి, పశువుల మంద ఒకే దారిన నడిచిన కాలంలో కూడా ప్రమాదాలు ఉన్నాయి. అయితే వేగాల మధ్య అంతరం తక్కువ కావడం వల్ల ఒకరినొకరు చూసి తప్పుకోవడానికి వ్యవధి ఉండేది. మోటారు వాహనం ఈ సమతుల్యాన్ని మార్చింది. సైకిలు, దానిపై మనిషి కలిసి సాధారణంగా వంద కిలోలకు మించరు. కారు బరువు వెయ్యి కిలోల పైమాటే. గంటకు 50 కి.మీ. వేగంతో వచ్చే వాహనం గతిజశక్తి, 30 కి.మీ. వేగంతో వచ్చే అదే వాహనం శక్తికి దాదాపు 2.8 రెట్లు. ఈ రెండింటినీ ఒకే దారిలో నడిపించవలసి వచ్చినప్పుడు ఎవరు తగ్గాలి, ఎవరు తప్పుకోవాలి అన్న ప్రశ్న అనివార్యమవుతుంది.

ఈ ప్రశ్నకు భిన్న సమాజాలు భిన్న సమాధానాలు చెప్పాయి. బ్రిటన్ సైకిలిస్టులు రహదారిపై తమ చట్టబద్ధ హక్కును కాపాడుకోవడానికి దశాబ్దాలపాటు పోరాడారు. నెదర్లాండ్స్ ప్రజలు 1970లలో పిల్లల ప్రాణాల కోసం వీధుల స్వరూపాన్నే మార్చమని కోరారు. మొదటివారు హక్కును నిలుపుకున్నా రహదారిని కోల్పోయారు. రెండవవారు మోటారు వాహనాలను నియంత్రించడం ద్వారా సైకిలును నిలబెట్టుకున్నారు. ఈ వ్యత్యాసానికి కారణాలను అన్వేషించడం అవసరం.

2. సైకిలు ‘బండి’ అయిన క్రమం (1878–1896):

1878లో ఇంగ్లండులోని హారొగేట్ పట్టణంలో సైకిలు పర్యాటకుల సంఘం ఏర్పడింది. అనంతరం ఇదే సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా ప్రసిద్ధమైంది. నాటి సైకిలు ముందుచక్రం మనిషి ఎత్తున ఉండేది. దానిపై నుంచి పడితే తల పగిలే ప్రమాదం ఉండేది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు రెండు చక్రాలను దాదాపు సమానం చేసి, గొలుసుతో వెనుకచక్రాన్ని నడిపింది. ఈ తరహా వాహనానికి ‘సేఫ్టీ సైకిలు’ అన్న పేరు స్థిరపడింది. నాటికి ‘భద్రత’ అంటే ఎత్తు నుంచి పడకుండా ఉండడం మాత్రమే. మరో పదేళ్ళకు ఆ మాటకు అర్థం మారవలసి వచ్చింది. 1888లో డన్లప్ గాలి టైరు రావడంతో సైకిలు సామాన్యునికి అనువైన వాహనంగా మారే మార్గం ఏర్పడింది.

రహదారిపై వేగంగా పోయి పాదచారులను, గుర్రాలను బెదరగొడుతున్నారన్న నింద ఆ రోజుల్లో సైకిలిస్టులపైనే ఉండేది. 1879 నాటి టేలర్–గుడ్విన్ వ్యాజ్యంలో, 1835 నాటి రహదారి చట్టం ప్రకారం దురుసుగా బండి తోలిన నేరం సైకిలుకు వర్తిస్తుందా అన్న ప్రశ్న తలెత్తింది. సైకిలు కూడా బండే అని న్యాయస్థానం నిర్ణయించింది. 1888 స్థానిక ప్రభుత్వ చట్టంలోని 85వ సెక్షన్ దీనిని స్పష్టంగా శాసనం చేసింది. రాత్రివేళ దీపం వెలిగించాలి, ఇతరులను దాటిపోయేటప్పుడు హెచ్చరిక ధ్వని చేయాలి అన్న నిబంధనలు కూడా అందులోనే ఉన్నాయి. శిక్షార్హత ద్వారా సంక్రమించిన ఈ గుర్తింపే తరువాతి కాలంలో సైకిలిస్టులకు రహదారి హక్కుగా పరిణమించడం గమనార్హం. బండిగా బాధ్యత ఉన్నప్పుడు బండిగా హక్కు కూడా ఉంటుందన్నది వారి వాదం.

1886లో సైకిలిస్టుల సంఘాలు కలిసి రహదారుల అభివృద్ధి సంఘాన్ని స్థాపించాయి. గుంతలు, దుమ్ము లేని దారుల కోసం ఉద్యమించిన తొలి సంఘటిత వర్గం సైకిలిస్టులే. వారు కోరిన నున్నని దారులపై తరువాత పరుగుతీసింది మోటారు కార్లు.

3. మోటారు వాహనం రాక, వేగపరిమితుల చరిత్ర (1896–1934):

1865 చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి గ్రామసీమల్లో గంటకు 4 మైళ్ళ వేగాన్ని, పట్టణాల్లో 2 మైళ్ళ వేగాన్ని మించరాదు. దాని ముందు ఎర్రజెండాతో ఒక మనిషి నడవాలి. తరువాతి తరాలు దీనిని హాస్యాస్పదంగా చెప్పుకున్నా, ప్రమాదాన్ని తెచ్చే వాహనమే జాగ్రత్త వహించాలన్న స్పష్టమైన సూత్రం అందులో ఉంది. 1896 చట్టం తేలికపాటి మోటారు వాహనాలను ఈ నిబంధనల నుంచి తప్పించి, పరిమితిని గంటకు 14 మైళ్ళకు పెంచింది. ఆ ఏడాది ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే మహిళ మోటారు కారు ఢీకొని మరణించింది. బ్రిటన్‌లో కారు కింద మరణించిన తొలి పాదచారిగా చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు.

1903 మోటారు కారు చట్టం వాహనాల నమోదును తప్పనిసరి చేసి పరిమితిని 20 మైళ్ళు చేసింది. 1930 రహదారి రవాణా చట్టం కార్లకు వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసింది. తృతీయపక్ష బీమా అదే చట్టంతో తప్పనిసరి అయింది; మరుసటి ఏడాది ‘హైవే కోడ్’ వెలువడింది. వేగాన్ని అదుపుచేసే నియమం తొలగి, నష్టపరిహారం చెల్లించే ఏర్పాటు, మర్యాద బోధించే చిన్న పుస్తకం దాని స్థానంలోకి వచ్చాయి. 1934లో బ్రిటన్ రహదారులపై 7,343 మంది మరణించారు. ఆ ఏడాది చట్టంతో జనావాస ప్రాంతాల్లో 30 మైళ్ళ పరిమితి మళ్ళీ ప్రవేశించి 1935 మార్చి నుంచి అమలైంది. డ్రైవింగ్ పరీక్ష కూడా తప్పనిసరి అయింది.

4. వెనుక దీపం వివాదం:

బాధ్యత బదిలీ అయిన తీరును అర్థం చేసుకోవడానికి సైకిలు వెనుక దీపంపై జరిగిన వివాదం మంచి ఆధారం. సైకిలుకు ముందు దీపం ఉండాలన్న నియమాన్ని సైకిలిస్టులు ఆమోదించారు. వెనుక దీపం తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను మాత్రం వారి సంఘం ఏళ్ళతరబడి వ్యతిరేకించింది. పైపైన చూస్తే ఇది అర్థంలేని మొండితనంగా కనిపిస్తుంది. వారి తర్కం ఇది: చీకటిలో నడిపేవాడు తన దీపపు వెలుగు పడినంత దూరంలో బండిని ఆపగలిగిన వేగంతోనే నడపాలి. దారిలో పాదచారి ఉండవచ్చు, పశువు ఉండవచ్చు, విరిగిపడిన కొమ్మ ఉండవచ్చు. వాటికి దీపాలు ఉండవు. సైకిలుకు వెనుక దీపం తప్పనిసరి చేస్తే ‘నాకు కనిపించలేదు’ అన్న మాట చోదకునికి చట్టబద్ధమైన సమర్థన అవుతుంది. చూడవలసిన బాధ్యత చోదకుని నుంచి తొలగి, కనబడవలసిన బాధ్యత సైకిలిస్టుపై పడుతుంది.

1927 చట్టం వెనుక ఎర్రదీపం గాని, వెలుగు పడితే మెరిసే ఎర్రబిళ్ళ గాని ఉంటే చాలని మధ్యేమార్గం చూపింది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు చీకటి నియమాల కింద వెనుక దీపం తప్పనిసరి అయింది. యుద్ధానంతరం అదే శాశ్వత నియమంగా స్థిరపడింది.

వెనుక దీపం ప్రాణాలు కాపాడుతుందనడంలో సందేహం లేదు. ఆచరణలో సైకిలిస్టుల వాదం ప్రమాదకరమే. అయినా వారు ఊహించిన పరిణామం జరిగిందన్నది కూడా నిజం. ప్రమాదం జరిగిన తరువాత అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. ‘ఎంత వేగంతో వచ్చావు?’ అన్నదాని స్థానంలోకి ‘దీపం ఉందా?’ అన్నది వచ్చింది. వ్యక్తిగత జాగ్రత్త అవసరమే. అది ఇతరుల బాధ్యతను రద్దుచేసే సాధనం కారాదన్న విచక్షణ ఈ వివాదంలో మరుగునపడింది.

5. వెస్టర్న్ అవెన్యూ సైకిలు దారి (1934):

1934 డిసెంబరు 14న రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా లండన్ పశ్చిమాన వెస్టర్న్ అవెన్యూ వెంట హ్యాంగర్ లేన్ నుంచి గ్రీన్‌ఫోర్డ్ వరకు ప్రత్యేక సైకిలు దారిని ప్రారంభించాడు. రోడ్డుకు ఇరువైపులా ఎనిమిదిన్నర అడుగుల వెడల్పున, సుమారు రెండున్నర మైళ్ళ పొడవున దీనిని నిర్మించారు. సైకిలిస్టుల సంఘం దీనిని స్వాగతించలేదు, తీవ్రంగా వ్యతిరేకించింది.

ఈ వ్యతిరేకతకు మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది నిర్మాణ లోపం. దారి ఉపరితలం రోడ్డంత నున్నగా లేదు. అడ్డవీధి వచ్చిన ప్రతిచోటా తెగిపోయేది. ప్రమాదం అధికంగా ఉండే కూడలి వద్దనే రక్షణ లేకుండా పోయింది. రెండవది ఉద్దేశ్యంపై అనుమానం. ప్రత్యేక దారి సైకిలిస్టుల క్షేమానికా, లేక కార్ల వేగానికి అడ్డు తొలగించడానికా అన్న ప్రశ్నను వారు లేవనెత్తారు. మూడవది భవిష్యత్తుపై భయం. నేడు ఐచ్ఛికమైన దారి రేపు తప్పనిసరి కావచ్చు. అప్పుడు 1888లో సంక్రమించిన రహదారి హక్కు పోతుంది.

ఈ వాదంలో వర్గస్పృహ కూడా ఉంది. 1930ల మధ్యకాలంలో బ్రిటన్‌లో సైకిలు తొక్కేవారు కోటి వరకు ఉంటారని అంచనా. వారిలో అత్యధికులు కర్మాగారాలకు, దుకాణాలకు పనికి పోయే శ్రామికులు. కార్ల యజమానులు సంపన్న, మధ్యతరగతులవారు. అధికసంఖ్యాకులను పక్కదారి పట్టించి అల్పసంఖ్యాకులకు ప్రధాన దారిని అప్పగించడం అన్యాయమన్న భావన బలంగా ఉండేది. 1939లో లార్డ్ ఆల్నెస్ అధ్యక్షతన ప్రభువుల సభ సంఘం వెలువరించిన నివేదిక సైకిలు దారులను మరింతగా సిఫారసు చేయడం ఈ అనుమానాలను పెంచింది.

సైకిలిస్టులు చట్టపరంగా విజయం సాధించారు. ప్రధాన రహదారులపై సైకిలు హక్కు నిలిచింది. కాని 1949లో బ్రిటన్ రహదారులపై సైకిళ్ళ మొత్తం ప్రయాణదూరం 1,470 కోట్ల మైళ్ళు ఉండగా 1973 నాటికి 230 కోట్ల మైళ్ళకు పడిపోయింది. సైకిలును ఎవరూ నిషేధించలేదు. కార్ల సంఖ్య, వేగం పెరిగేకొద్దీ హక్కును వినియోగించుకోవడానికి ధైర్యం కావలసి వచ్చింది. వృద్ధులు, స్త్రీలు, పిల్లలు క్రమంగా తప్పుకొన్నారు. కార్లు కొనగలిగిన శ్రామికులు కార్లు కొన్నారు.

6. నెదర్లాండ్స్: పన్ను బిళ్ళ నుంచి పిల్లల ఉద్యమం వరకు:

నెదర్లాండ్స్ మొదటి నుంచీ సైకిళ్ళ స్వర్గమన్న అభిప్రాయం సరికాదు. అక్కడ 1924లో సైకిలుపై ఏడాదికి మూడు గిల్డర్ల పన్ను విధించారు. పన్ను కట్టినట్లు లోహపు బిళ్ళను సైకిలుకు తగిలించుకోవాలి. పేదలకు ఉచితంగా ఇచ్చే బిళ్ళకు రంధ్రం వేసేవారు. దానిని తగిలించుకున్నవాడి పేదరికం దారిన పోయే అందరికీ తెలిసేది. ఈ ఆదాయం 1926 తరువాత రహదారుల నిధికి చేరింది. అంటే సైకిలిస్టుల డబ్బుతో మోటారు రహదారులు కూడా విస్తరించాయి. యుద్ధానికి పూర్వం వేసిన సైకిలు దారుల వెనుక కూడా కార్లకు అడ్డు తొలగించాలన్న ఉద్దేశ్యం కొంత ఉంది. బ్రిటిష్ సైకిలిస్టుల అనుమానం ఈ విషయంలో నిరాధారం కాదని దీనివల్ల అవగతమవుతుంది.

యుద్ధానంతరం సంపద పెరిగింది, కార్లూ పెరిగాయి. పాత నగరాల్లో ఇళ్ళు కూల్చి రోడ్లు వెడల్పు చేశారు. 1971లో ఆ చిన్న దేశపు రోడ్లపై మూడు వేలకు పైగా మరణించారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలు. కుమార్తెను రోడ్డు ప్రమాదంలో కోల్పోయిన ఫిక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు 1972లో తాను పనిచేసే పత్రికలో ‘పిల్లల హత్యను ఆపండి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఉద్యమానికి పేరైంది. మార్త్యే ఫాన్ పుట్టెన్ దాని తొలి అధ్యక్షురాలు. తల్లిదండ్రులు, పిల్లలు వీధులకు అడ్డంగా బల్లలు వేసి కూర్చున్నారు, సైకిళ్ళతో ఊరేగారు. ‘ప్రమాదం’ అనకుండా ‘హత్య’ అనడంలో ఒక నిశ్చయం ఉంది. ప్రమాదమన్న మాటలో కర్త ఉండడు. హత్య అన్నప్పుడు కర్తను వెదకక తప్పదు.

1973 చమురు సంక్షోభంలో ప్రధాని యూప్ డెన్ అయిల్ ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కార్లను నిషేధించింది. ఖాళీ రహదారులపై పిల్లలు ఆడుకోవడాన్ని దేశమంతా చూసింది. 1975లో సైకిలిస్టుల సంఘం ఏర్పడింది. డెల్ఫ్ట్‌లో రూపుదిద్దుకున్న ‘వోనెర్ఫ్’ అనే నివాసవీధి పద్ధతికి 1976లో చట్టబద్ధ హోదా లభించింది. అక్కడ కారు నడక వేగంతోనే పోవాలి. పిల్లలకు వీధిలో ఆడుకునే హక్కు ఉంది. 1983 నుంచి 30 కి.మీ. వేగమండలాలు వచ్చాయి.

హేగ్, టిల్‌బుర్గ్ నగరాల్లో ప్రభుత్వ నిధులతో 1970ల మధ్యలో ఒక్కొక్క ఆదర్శ సైకిలు దారిని నిర్మించారు. అవి బాగున్నా నగరం మొత్తంలో సైకిలు వాడకం ఆశించినంత పెరగలేదు. 1980లలో డెల్ఫ్ట్ నగరమంతటినీ కలిపే దారుల అల్లికను నిర్మించినప్పుడు ఫలితం కనిపించింది. ఇంటి నుంచి బడి వరకు మధ్యలో ఎక్కడా తెగని దారి ఉన్నప్పుడే తల్లి పిల్లవాడిని సైకిలుపై పంపుతుందన్నది దీని సారాంశం.

చట్టం కూడా ఇదే దిశలో సాగింది. 1994 రహదారి రవాణా చట్టం 185వ అధికరణ ప్రకారం మోటారు వాహనం పాదచారికి గాని సైకిలిస్టుకు గాని నష్టం కలిగిస్తే, అది తన అదుపులో లేని అనివార్య కారణం వల్ల జరిగిందని నిరూపించుకుంటే తప్ప పరిహార బాధ్యత వాహనదారునిదే. 14 ఏళ్ళలోపు పిల్లల విషయంలో దాదాపు సంపూర్ణ బాధ్యత అతనిదే. ఇది నేరశిక్షకు కాక నష్టపరిహారానికి సంబంధించిన నియమం. ఎక్కువ హాని చేయగలవాడే ఎక్కువ జాగ్రత్త వహించాలన్న సూత్రానికి ఇది ఆధునిక రూపం. 2010 నాటికి ఆ దేశంలో ఏడాది రోడ్డు మరణాలు 700 లోపుకు తగ్గాయి.

7. కలయిక – వేర్పాటు వాదాల మూల్యాంకనం:

బ్రిటిష్ వాదం 1970లలో అమెరికాలో కొత్త రూపం ధరించింది. కాలిఫోర్నియాలో సైకిళ్ళను కాలిబాటలపైకి మళ్ళించే ప్రయత్నాన్ని ఎదిరించిన ఇంజనీరు జాన్ ఫారెస్టర్ 1976లో ‘ఎఫెక్టివ్ సైక్లింగ్’ గ్రంథాన్ని ప్రచురించాడు. సైకిలిస్టు అంచుకు ఒదిగిపోకుండా వాహన చోదకునివలె వరుసలో తన స్థానం తీసుకోవాలి, కూడలి వద్ద సంజ్ఞలు చేసి మలుపు తిరగాలి అన్నది అతని బోధన. కూడలి ప్రమాదాల గురించి, నాసిరకం దారుల గురించి అతని విమర్శ విలువైనది. నేటికీ మోటారు వాహనాల మధ్య సైకిలు తొక్కక తప్పనివారికి ఆ నైపుణ్యం ఉపకరిస్తుంది. అయితే ఈ సిద్ధాంతం ఆరోగ్యవంతుడు, నిర్భయుడు అయిన వయోజనుడిని ప్రమాణంగా తీసుకుంటుంది. ఎనిమిదేళ్ళ బాలిక, అరవైఏళ్ళ కూలీ అందులో ఇమడరు.

సైకిలిస్టుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి ఉండే ప్రమాదం తగ్గుతుందని పీటర్ జాకబ్‌సన్ 2003లో ప్రచురించిన పరిశోధన చూపింది. నిర్భయులు మాత్రమే మిగిలిన రహదారిలో వారికి కూడా రక్షణ తగ్గుతుందని దీనినిబట్టి ఊహించవచ్చు.

8. భారతీయ నగరాల సందర్భం:

మద్రాసు రాష్ట్రంలో పురపాలక సంఘాలు సైకిళ్ళపై పన్ను వసూలు చేసి బిళ్ళ ఇచ్చేవి. దీపం లేకపోతేనో, ఇద్దరు ఎక్కితేనో పోలీసులు పట్టుకోవడం తెలుగు పట్టణాల పాతతరం వారికి పరిచితమైన అనుభవం. సైకిలుతో రాజ్యానికి ఉన్న సంబంధం ఇక్కడ కూడా పన్నుతో, జరిమానాతో మొదలైంది.

2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉండగా, 4.7 శాతం కుటుంబాలకే కారు ఉంది. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాక మనుషులను దృష్టిలో పెట్టుకొని రోడ్డు స్థలాన్ని పంచాలని చెప్పింది. ఆచరణ వేరుగా ఉంది. 2008లో ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కి.మీ. మేర బస్సులకు, సైకిళ్ళకు ప్రత్యేక వరుసలు ఏర్పాటు చేశారు. కార్ల ప్రయాణానికి ఆలస్యమవుతోందన్న వ్యాజ్యాన్ని 2012లో హైకోర్టు కొట్టివేసినా, 2016లో ఆ వ్యవస్థనే తొలగించారు. కోల్‌కతాలో 2013లో 174 రోడ్లపై సైకిళ్ళను నిషేధించారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 138 (1ఎ) ఉపసెక్షన్, భద్రత పేరిట పాదచారులను, యంత్రరహిత వాహనాలను నియంత్రించే నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. మరణాలకు మూలమైన వేగంతో పాటు దానికి బలయ్యే పాదచారిని, సైకిలిస్టును కూడా నియంత్రణ పరిధిలోకి తేవడం, వెనుక దీపం వివాదాన్ని ఎరిగిన చరిత్ర విద్యార్థికి కొత్తగా అనిపించదు.

2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కి.మీ. సైకిలు దారి ప్రారంభమైంది. నిర్మాణపరంగా ఇది ప్రశంసనీయం. హేగ్, టిల్‌బుర్గ్ అనుభవాన్ని దృష్టిలో పెట్టుకుంటే దీనికి పరిమితి కూడా స్పష్టం. పాతబస్తీలోనో కూకట్‌పల్లిలోనో పాలు, పేపర్లు వేసే కుర్రవాడి దారి దీనితో కలవదు. నగరం లోపలి దారుల అల్లికలో భాగమైనప్పుడే ఇలాంటి నిర్మాణం వ్యాయామ సాధనం స్థాయిని దాటి రవాణా మార్గమవుతుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తొలినాటి చట్టాలు జాగ్రత్త వహించే బాధ్యతను ప్రమాదకర వాహనంపై మోపాయి. 1896–1934 మధ్య ఈ బాధ్యత క్రమంగా బలహీనులపైకి మళ్ళింది.

2. బ్రిటిష్ సైకిలిస్టుల అనుమానాలకు ఆధారం ఉంది. అయితే చట్టంలోని సమాన హక్కు, వీధిలోని అసమాన శక్తిని సరిచేయలేదు.

3. నెదర్లాండ్స్ విజయానికి సైకిలు దారులు ఒక్కటే కారణం కాదు. వేగనియంత్రణ, తెగని దారుల అల్లిక, వాహనదారుని పరిహార బాధ్యత కలిసి పనిచేశాయి. వీటికి ముందు ప్రజల ఒత్తిడి ఉంది.

4. యుద్ధపూర్వ నెదర్లాండ్స్‌లో, వెస్టర్న్ అవెన్యూలో కనిపించినట్లు, కార్లకు అడ్డు తొలగించడానికి వేసిన దారికీ సైకిలిస్టు క్షేమానికి వేసిన దారికీ భేదం కూడళ్ళ వద్ద తెలుస్తుంది. దారి అక్కడ తెగిందా, కొనసాగిందా అన్నది పరీక్ష.

భారతీయ నగరాల్లో హెల్మెట్, దీపం, మెరిసే బిళ్ళ గురించి చెప్పే ప్రచారం అవసరమే. దానితో పాటు జనావాస వీధుల్లో మోటారు వేగం ఎంత ఉండాలి, సైకిలిస్టు గాయపడినప్పుడు పరిహార భారం ఎవరు మోయాలి అన్న ప్రశ్నలు కూడా విధానచర్చలోకి రావాలి. తెలుగు పట్టణాల సైకిలు చరిత్రకు పురపాలక సంఘాల పన్ను లెక్కలు, పోలీసు కేసుల దస్త్రాలు, అద్దె సైకిలు దుకాణాల వారి జ్ఞాపకాలు ముఖ్య ఆకరాలు. ఆ దిశగా ప్రాంతీయ పరిశోధనలు జరగవలసి ఉంది.